చెరువు అందరిదీ, తూము ఎవరిది? : ఓపెన్ సోర్స్, ఓపెన్ ప్రమాణాలు, కంపెనీలు

'అందరికీ తెరిచి ఉంది' అన్న మాటని దళితులు తేలిగ్గా నమ్మరు. నమ్మకపోవడానికి చరిత్ర ఉంది. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలి, ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానం మీద, ప్రజాధనంతో కట్టిన బావులూ చెరువులూ బడులూ ఆసుపత్రులూ అంటరానివారు వాడుకోవచ్చునని చెప్పింది. 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ తన చవుదార్ చెరువుకి ఆ తీర్మానాన్ని వర్తింపజేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, నీళ్ల దగ్గరికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట జనం నడిచి వెళ్లి దోసిళ్లతో తాగితే తలలు పగిలాయి. ఊరి సవర్ణులు చెరువుని 'శుద్ధి' చేసుకుని కోర్టుకెక్కారు. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేదాకా పదేళ్లు పట్టింది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, మన కాలంలో 'ఓపెన్' అన్న మాటని అందరికన్నా గట్టిగా పలుకుతున్నది పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు. మా సోర్స్ కోడ్ తెరిచి పెట్టాం, మా ప్రమాణాలు ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా వచ్చి పనిలో చెయ్యి వేయవచ్చు అంటున్నాయి. ఇది పూర్తిగా అబద్ధం కాదు. నేను ఈ వ్యాసం టైపు చేస్తున్న అక్షరాలు తెర మీద సరిగా కనిపించడం వెనక ఆ పని ఉంది. అయితే అందులో కంపెనీలు ఏమిచ్చాయి, ఎందుకిచ్చాయి, తాళంచెవి ఎవరి దగ్గర పెట్టుకున్నాయి అన్న ప్రశ్నలు మనవైపు నుంచి ఎవరూ గట్టిగా అడగలేదు. ఇది కంప్యూటర్ వాళ్ల గొడవ, మనకెందుకని ఊరుకున్నాం. పుస్తకం, ఉద్యోగం, భాష మూడూ ఆ గొడవలోనే ఉన్నాయి గనక ఊరుకోవడం కుదరదు.

ముందు రెండు మాటలు విడమరచుకోవాలి. చెప్పులు కుట్టేవాడు ఇంకొకడు కుట్టిన చెప్పుని విప్పి చూస్తే కుట్టు ఎట్లా పడిందో తెలుసుకుంటాడు. కంపెనీ అమ్మే ప్రోగ్రామును అట్లా విప్పి చూడలేం. మనుషులు రాసిన సోర్స్ కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చి, ఆ అంకెలే మనకి ఇస్తారు. ఓపెన్ సోర్స్ అంటే ఆ రాతని కూడా ఇవ్వడం. చదవడానికి, మార్చడానికి, మార్చింది పంచడానికి లైసెన్సు రూపంలో హక్కునివ్వడం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టి, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు రాశాడు. దాని కిటుకు చిన్నదే: తీసుకుని మార్చి ఇతరులకి ఇచ్చేవాడు, మార్చిన రాతని కూడా అదే షరతు మీద ఇవ్వాలి. 'ఓపెన్ సోర్స్' అన్న పేరు 1998లో వచ్చింది. స్వేచ్ఛ అన్న మాట వినగానే కంపెనీలు బెదురుతున్నాయని, వాటికి మింగుడుపడే పేరుగా దాన్ని ఎంచుకున్నారు.

ప్రమాణం వేరే సంగతి. అది కొలత లాంటిది. దొర కూలి గింజలు కొలిచే కుంచం వేరు, అప్పు గింజలు వసూలు చేసుకునే కుంచం వేరు అని మన పెద్దలు చెప్పేవారు. ప్రమాణం అంటే ఇద్దరికీ ఒకటే కుంచం. నా కంప్యూటర్ రాసిన ఫైలు నీ కంప్యూటర్ చదవాలంటే ఏ అంకె ఏ అక్షరమో ముందే ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందం బహిరంగంగా అచ్చయి, ఎవరికీ కప్పం కట్టకుండా వాడుకునేట్టుంటే అది ఓపెన్ ప్రమాణం. కుంచం చేసేది ఎవరన్నదే తగాదా.

కంపెనీలు ఎందుకిస్తాయి?

దయతో కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. అదే మైక్రోసాఫ్ట్ 2018లో, ఓపెన్ సోర్స్ రాతలు ఎక్కువగా పోగుపడే గిట్‌హబ్‌ని 750 కోట్ల డాలర్లకి కొన్నది. మధ్యలో గుండె కరిగిందా? లేదు, వ్యాపారం మారింది. సాఫ్ట్‌వేర్ పెట్టె అమ్మడం కంటే అద్దె కంప్యూటర్ల వ్యాపారంలో లాభం కనబడింది. ఆ అద్దె యంత్రాల మీద జనం నడిపేది లినక్స్.

గానుగ నడిపేవాడికి వేరుశనగ చవగ్గా దొరకాలి. ఓపెన్ సోర్స్ కంపెనీలకి ఆ వేరుశనగ. ఐబీఎం తాను లినక్స్ మీద 100 కోట్ల డాలర్లు ఖర్చు పెడతానని 2000 సంవత్సరం చివర ప్రకటించింది. అది అమ్మేది యంత్రాలూ సేవలూ గనక కింద నడిచే ఆపరేటింగ్ సిస్టం ఎంత చవకైతే దానికి అంత మేలు. ఇంటెల్ లినక్స్‌కి కోడు రాసేది తన చిప్పులు అమ్ముడుపోవడానికి. గూగుల్ అమ్మేది ప్రకటనలు గనక ఫోన్ సాఫ్ట్‌వేర్ ఊరికే ఇచ్చినా నష్టం లేదు. 2008 నుంచి ఆండ్రాయిడ్ అట్లాగే వ్యాపించింది. అయితే తెరిచిన ఆండ్రాయిడ్ పక్కనే తెరవని ప్లే స్టోరూ దాని సేవలూ పెట్టి, అవి కావాలంటే మా సెర్చి, మా బ్రౌజరు కూడా ఎక్కించాలని ఫోన్ల కంపెనీలకి షరతు పెట్టింది. దానికే యూరోపియన్ కమిషన్ 2018లో 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022లో కోర్టు ఆ మొత్తాన్ని కొంచెం తగ్గించినా తప్పు తప్పేనంది. చెరువు తెరిచి తూము తన దగ్గర పెట్టుకోవడం అంటే ఇదే.

పని ఎవరు చేస్తున్నారన్న విషయంలో ఒక అపోహ ఇంకా నడుస్తోంది. కాలేజీ కుర్రాళ్లు రాత్రిళ్లు సరదాగా రాసేదే ఓపెన్ సోర్స్ అని. లినక్స్ ఫౌండేషన్ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం కెర్నెల్‌లో చేరిన మార్పుల్లో జీతం లేనివాళ్లు చేసింది సుమారు 8 శాతం. ఇంటెల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీల జీతగాళ్లే ఎక్కువ భాగం రాశారు. ఇందులో తప్పేం లేదు, పనికి జీతం ఉండాల్సిందే. కానీ జీతమిచ్చేవాడికి ఏ పని ముందు జరగాలో తేల్చే బలం కూడా వస్తుంది. రెడ్ హ్యాట్‌ని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకి కొన్నది. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన ప్రధాన లినక్స్ సోర్స్ కోడ్‌ని అందరికీ పెట్టడం మానేసి ఖాతాదారులకే చూపిస్తానంది. జీపీఎల్ అక్షరాలా చూస్తే, ప్రోగ్రాము పుచ్చుకున్నవాడికి రాత ఇస్తే చాలు. అక్షరం దాటలేదు గానీ గట్టు మీద కంచె వేసింది.

ఇక కంపెనీలకి పెద్దగా కంటికి ఆనని పని గతి ఏమిటి? తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తీసి మళ్లకి నీళ్లు వదిలేవాడు నీరటి. చాలా ఊళ్లలో అతను మాల. ఆయకట్టంతా అతని కాళ్ల మీద తడిసేది, అతనికి మాత్రం కల్లం దగ్గర ఇన్ని గింజలు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో బ్యాంకు లావాదేవీల దగ్గర్నించి ఈమెయిల్ దాకా రహస్యాన్ని కాపాడుతుంది. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డాక లోకానికి తెలిసింది ఏమంటే, దాన్ని పూర్తికాలం చూసుకునేవాడు ఒక్కడే, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. వేల కోట్ల వ్యాపారం దాని మీద నడుస్తూ ఉండింది. ఉపద్రవం వచ్చాకే పెద్ద కంపెనీలు కలిసి ఒక నిధి పెట్టాయి. ఈ పోలికని మరీ లాగకూడదనుకోండి. ఆ ప్రోగ్రామర్ని ఎవరూ ఊరి బయట ఉండమనలేదు, అతని పిల్లల్ని బడి బయట కూర్చోబెట్టలేదు. నిలబెట్టే చాకిరీ కనిపించకుండా పోవడం ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి.

ఒక కంపెనీ, రెండు దావాలు

సిస్కో కథ విడిగా చెప్పుకోదగ్గది. ఇంటర్నెట్ ప్రమాణాల తయారీలో మొదట్నించీ చురుగ్గా ఉన్న కంపెనీ అది. 2003లో లింక్‌సిస్‌ని కొన్నది. లింక్‌సిస్ అమ్మే చిన్న వైఫై డబ్బా లోపల లినక్స్ ఉందని, జీపీఎల్ ప్రకారం కోడు ఇవ్వాలని జనం పట్టుబట్టగా ఆ ఏడే ఇచ్చింది. ఆ కోడు మీదనే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ప్రాజెక్టు మొలిచి, ఎన్నో రకాల డబ్బాలకి పాకింది. అంటే అడిగి, నిలదీసి తీసుకున్నదాంట్లోంచే అంత పంట వచ్చింది. అయినా షరతులు సరిగా పాటించడం లేదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో సిస్కో మీద దావా వేసింది. 2009లో రాజీ కుదిరింది. లైసెన్సులు పాటిస్తున్నామో లేదో చూడడానికి ఒక అధికారిని పెడతామని, ఫౌండేషన్‌కి విరాళం ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. 2013లో అదే సిస్కో హెచ్.264 అనే వీడియో పద్ధతికి తన కోడు తెరిచి పెట్టి, పేటెంటు రుసుములు కూడా తనే కడతానంది. ఫైర్‌ఫాక్స్ దాన్ని వాడుకుంది. ఇది నిజమైన సాయం, కాదనలేం.

రెండో దావా 2020 జూన్ 30న పడింది. కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం, ఒక దళిత ఇంజనీరు పట్ల సిస్కోలో కుల వివక్ష జరిగిందని కోర్టుకి వెళ్లింది. అతను ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడన్న సంగతి పై అధికారి తోటివాళ్లకి చెప్పాడని, ఫిర్యాదు చేశాక అతన్ని పక్కన పెట్టారని ఆరోపణ. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్‌లో ఆ విభాగం ఇద్దరు అధికారుల మీద కేసు వదులుకుని, కంపెనీ మీద దావా మాత్రం అట్టే పెట్టింది. కోర్టులో ఏది రుజువైంది, ఏది కాలేదు అన్నది ఇక్కడ నా విషయం కాదు. నేను చూస్తున్నది రెండు దావాల మధ్య తేడా. కోడు పంచాలన్న షరతు తప్పితే పట్టుకోవడానికి లైసెన్సులో వాక్యం ఉంది, చదివి చెప్పే లాయరున్నాడు. కోడు రాసే గదిలో కులం తిరుగుతుంటే పట్టుకోవడానికి 2020 నాటికి అమెరికా చట్టంలో కులం అన్న మాటే లేదు. వంశం, జాతి, మతం అన్న మాటల కింద దాన్ని ఇరికించి వాదించాల్సి వచ్చింది. ఈ కేసు తర్వాతనే ఆపిల్, ఐబీఎం తమ ఉద్యోగ నియమాల్లో కులాన్ని పేరుపెట్టి చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లుని అదే ఏడు అక్టోబరులో గవర్నరు తిప్పి పంపాడు.

2022లో గూగుల్‌లో తేన్మొళి సౌందరరాజన్ కులం గురించి మాట్లాడాల్సిన సభ, కొందరు ఉద్యోగుల అభ్యంతరాల తర్వాత రద్దయింది. పిలిచిన ఉద్యోగిని రాజీనామా చేసింది. ఆ గూగులే 2020 వేసవిలో, నల్లజాతి ఉద్యమం వేడిలో, కోడులో 'మాస్టర్', 'స్లేవ్' లాంటి పదాలు తీసేయాలన్న కంపెనీల్లో ఒకటి. ఆ పదాలు పోవడం మంచిదే. గిట్‌హబ్ కొత్త ప్రాజెక్టుల్లో 2020 అక్టోబరు నుంచి 'మాస్టర్' బదులు 'మెయిన్' పెట్టింది. పదం మార్చడానికి ఎవరి కుర్చీ కదలనక్కర్లేదు గనక అది త్వరగా జరుగుతుంది.

'మెరిట్' అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. ఓపెన్ సోర్స్ లోకం తనని తాను మెరిటోక్రసీ అని పిలుచుకుంది: కోడు మంచిదైతే చాలు, నువ్వెవరన్నది అనవసరం. గిట్‌హబ్ ఆఫీసులో 'యునైటెడ్ మెరిటోక్రసీ ఆఫ్ గిట్‌హబ్' అని రాసిన కంబళి పరిచి ఉండేది. ప్రతిభ అన్నది కొందరిని బయట పెట్టే మాట అని ఆడవాళ్లు నిలదీస్తే 2014 జనవరిలో దాన్ని తీసేశారు. మండల్ నాటి నుంచి ఆ మాట వింటున్న మనకి ఇందులో కొత్తేముంది? అజంతా సుబ్రమణియన్ మద్రాసు ఐఐటీ మీద చేసిన పరిశోధన (2019) చూపించింది కూడా ఇదే: తరతరాల కుల పెట్టుబడి ప్రతిభ అన్న పేరుతో చలామణి అవుతుంది. ఓపెన్ సోర్స్‌లో ఆ పెట్టుబడి పేరు తీరిక. కాలేజీ అయ్యాక సాయంత్రం పార్ట్‌టైం పనికి పోయే విద్యార్థి, సెలవుల్లో ఊరెళ్లి కూలికి పోయే హాస్టల్ విద్యార్థి జీతం లేకుండా ఏడాది పాటు ఎవరి కోడో సవరించి పేరు తెచ్చుకోలేడు. ఉద్యోగమిచ్చేవాళ్లు మాత్రం 'నీ గిట్‌హబ్ చూపించు' అంటారు. సొంత ల్యాప్‌టాప్ ఏ ఏట చేతికొచ్చిందన్న ప్రశ్న ఆ పేజీలో ఎక్కడా ఉండదు. బెంగళూరు మురికివాడలో పిల్లలు అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్చుకుని బొమ్మలు వేశారు. దాన్ని నడిపింది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ కార్యకర్తలు.

తెలుగు అక్షరం దగ్గర

ఇప్పటిదాకా చెప్పింది దూరంగా ఉన్నట్టు అనిపిస్తే, అక్షరం దగ్గరికి వద్దాం.

కంప్యూటరుకి అక్షరం తెలీదు, అంకె తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో మన దేశంలో ఇస్కీ అనే ప్రమాణం చెప్పింది. 1988లో ఒక రూపం, 1991లో భారత ప్రమాణాల సంస్థ ముద్రతో ఇంకో రూపం. అదే సమయంలో అమెరికాలో జిరాక్స్, ఆపిల్ ఇంజనీర్లు లోకంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక ఉండాలని కూర్చున్నారు. 1991లో యూనికోడ్ కన్సార్టియం రిజిస్టరయింది, ఆ ఏడే మొదటి కూర్పు వచ్చింది. ఇస్కీ 1988 వరుసనే తీసుకుని తెలుగుకి అందులో 128 గళ్లు ఇచ్చారు. కంపెనీలు దీనికి డబ్బు ఎందుకు పెట్టాయంటే, ఒక్కో దేశానికి ఒక్కో రకంగా సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఖర్చు తప్పుతుంది గనక.

గళ్లుంటే చాలదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం వెనక ఆరు అంకెలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వాటిని కలిపి, ఒత్తులు కింద పెట్టి, గుడి తగిలించే పని రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి ఫాంటు. దానికి మైక్రోసాఫ్ట్, అడోబి 1996లో ఓపెన్‌టైప్ పద్ధతి ప్రకటించాయి. 2007లో అది అంతర్జాతీయ ప్రమాణమయింది. రెండోది ఆ ఫాంటులోని సూచనలు చదివి అక్షరాన్ని కూర్చే ప్రోగ్రాము. మైక్రోసాఫ్ట్ తనది మూసి ఉంచింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు ఇచ్చి తెలుగు చూపించింది. తెరిచిన లోకంలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. దాని ప్రధాన రచయిత మొదట రెడ్ హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో జీతం మీద ఉండి రాశాడు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్నే వాడుతున్నాయి. ఊళ్లో నాలుగువేల రూపాయల ఫోన్ మీద కూలివాడి కూతురు తెలుగు పాఠం చదవగలిగిందంటే అందులో ఈ కోడుకి వాటా ఉంది. కంపెనీల మీద ఎంత అనుమానమున్నా ఈ మాట చెప్పకపోతే న్యాయం కాదు.

మూసి ఉంచితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. 'జ్ఞా' అన్న అక్షరపు ఒక కూర్పు, మధ్యలో కంటికి కనిపించని ఒక అంకె చేరినది, ఐఫోన్‌కి పంపితే చాలు, ఆ సందేశం తెరిచిన ప్రోగ్రాము కుప్పకూలేది. ప్రపంచ పత్రికలన్నీ 'తెలుగు అక్షరం ఐఫోన్‌ని పడేసింది' అని రాశాయి, నేరం అక్షరానిదైనట్టు. (జ్ఞానంలోని జ్ఞా కావడం చూసి మనవాళ్లు కొందరు నవ్వుకున్నారు కూడా.) ఆపిల్ కూడా యూనికోడ్‌లో ఓటున్న సభ్యురాలే. ప్రమాణం తెరిచి ఉంది, దాన్ని అమలు చేసే కోడు మాత్రం మూత వేసి ఉంది. తెలుగు తెలిసిన ప్రోగ్రామరు బయట ఎంతమంది ఉన్నా లోపల చెయ్యి పెట్టే వీలు లేదు. ఫిబ్రవరి 19న ఆ కంపెనీ తానే దిద్ది కొత్త కూర్పు పంపేదాకా ఆగాల్సి వచ్చింది.

ఫాంట్ల సంగతి ఇంకోరకం. రెడ్ హ్యాట్ 2004లో లోహిత్ ఫాంట్లని తెరిచి ఇచ్చింది. గూగుల్ నోటో పేరుతో లోకంలోని లిపులకన్నిటికీ ఫాంట్లు చేయించి ఇచ్చింది. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు మీద ఉన్నాయి. ఆ లైసెన్సు రాసింది కంపెనీ కాదు, బైబిలు అనువాదాల కోసం చిన్న భాషల్లో పనిచేసే ఎస్ఐఎల్ అనే క్రైస్తవ సంస్థ. మన వాడలకి మొదట బడి తెచ్చినవాళ్లలో మిషనరీలున్నట్టే ఇక్కడా ఉన్నారు. సిలికానాంధ్ర తయారుచేయించి అదే లైసెన్సు మీద విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పేర్లు చదవండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, సురవరం, ఎన్టీఆర్. రాయలవారి సభ సభంతా ఉంది. జాషువా లేడు, కుసుమ ధర్మన్న లేడు. దీనికి గూగుల్‌ని అనలేం, పేర్లు పెట్టింది మనవాళ్లే. అయితే ఆ లైసెన్సు ఇంకో హక్కు కూడా ఇస్తుంది. ఎవరైనా ఆ ఫాంటుని ఫాంట్‌ఫోర్జ్ లాంటి ఉచిత పరికరంతో తెరిచి, అక్షరాలు దిద్ది, వేరే పేరుతో పంచవచ్చు. జాషువా పేరుతో ఒక ఫాంటు రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇవన్నీ రాకముందు మనకి అచ్చు దొరికింది అను, శ్రీలిపి లాంటి డీటీపీ ప్యాకేజీల వల్ల. 1990లలో దళిత పత్రికలు, కవితా సంకలనాలు, కరపత్రాలు కొద్ది డబ్బుతో బయటికి రావడం డీటీపీ చలవే. కానీ ఆ ఫాంట్లలో ఏ అంకె ఏ ఆకారమో ఎవరి పట్టిక వారిదే. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న యంత్రం పోతే ఫైలు బతికి ఉన్నా లోపల పిచ్చిగీతలే మిగులుతాయి. నా పరిశోధన కోసం ఒక చిన్న పత్రిక నడిపిన పెద్దాయన దగ్గర పన్నెండు ఫ్లాపీలు తీసుకున్నాను. ఏడు తెరుచుకున్నాయి, ఒక్కటీ చదవడానికి రాలేదు. అచ్చు ప్రతులు చెదలు తిన్నాయి. ఆ ఫాంటు అంకెల పట్టిక కోసం దాన్ని అమ్మిన కంపెనీకి రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు లేదు. చివరికి ఒకే వ్యాసం అచ్చులోనూ ఫైల్లోనూ దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏ గీతకి ఏ ముక్కో ఒక్కొక్కటే రాసుకుంటూ పట్టిక కట్టుకోవాల్సి వచ్చింది. కారంచేడు, చుండూరు తర్వాత దళితులు తమ గురించి తాము రాసుకున్న రాతలో ఎంత భాగం ఇట్లా తాళం వేసిన పెట్టెల్లో ఉందో లెక్క కట్టినవారు లేరు. ప్రమాణం అన్నది ఇంజనీర్ల ముచ్చట కాదని నాకు ఆ ఏడు ఫ్లాపీల దగ్గరే తెలిసింది.

గుంజాల నుంచి పట్టికలోకి

కన్సార్టియంలో ఓటు చందాతో వస్తుంది. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, అడోబి, మెటా లాంటివి పూర్తి సభ్యులు. భారత ప్రభుత్వం కూడా సభ్యత్వం తీసుకుని కూర్చుంది. కానీ ప్రతిపాదన పంపడానికి చందా అక్కర్లేదు, ఆధారాలతో ఎవరైనా పంపవచ్చు. ఈ సందులోంచి వచ్చినవాటిని చూస్తే ఎవరి దగ్గర పండితులున్నారో తెలుస్తుంది. వేదపారాయణ స్వరాలకి, చిహ్నాలకి 2009లో విడిగా ఒక బ్లాకే దొరికింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండులు దాచుకున్న రాతప్రతులు బయటి లోకానికి తెలిసింది ఈ శతాబ్దంలోనే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రంలో జయధీర్ తిరుమలరావు, ఆయన తోటివారు ఊరి పెద్దల దగ్గర కూర్చుని ఆ లిపిని చదివించుకున్నారు. తర్వాత బర్కిలీ విశ్వవిద్యాలయపు లిపుల ప్రాజెక్టు తోడ్పాటుతో ప్రతిపాదన వెళ్లింది. 2018లో, యూనికోడ్ 11వ కూర్పులో, గుంజాల గోండికి చోటు దొరికింది. ఆ వెనక గూగుల్ నోటోలో దానికి ఫాంటు వచ్చింది. వరుస చూడండి: దాచింది ఊరు, చదివింది విశ్వవిద్యాలయం, ప్రతిపాదించింది పరిశోధకులు, ఓటు వేసింది కంపెనీలు, ఫాంటు ఇచ్చింది కంపెనీ. కంపెనీ పాత్ర ఉంది, చివర ఉంది. ముందరి పని జరక్కపోతే చివరి పనికి దారే లేదు.

ప్రభుత్వం తల్చుకుంటే కంపెనీలకి ఎదురు నిలవగలదనడానికి కూడా ఉదాహరణ ఉంది. ఆఫీసు ఫైళ్ల కోసం ఓడీఎఫ్ అన్న ప్రమాణం 2006లోనే ఐఎస్ఓలో ఉండగా, మైక్రోసాఫ్ట్ ఆరువేల పైచిలుకు పేజీలతో తన సొంత పద్ధతిని కూడా ప్రమాణం చేయమంది. 2007 ఓటింగులో అది ఓడింది, 2008లో గెలిచింది. రెండుసార్లూ భారతదేశం వద్దనే చెప్పింది. దక్షిణాఫ్రికా, బ్రెజిల్, వెనెజులాతో కలిసి అప్పీలు కూడా చేసింది. అప్పీలు నిలవలేదు. 2009లో కేంద్రం పాలనకి యూనికోడ్‌నీ ఓపెన్ ఫాంట్ పద్ధతినీ ప్రమాణంగా ప్రకటించింది, 2010లో ఓపెన్ ప్రమాణాల విధానం, 2015లో ఓపెన్ సోర్స్ విధానం తెచ్చింది. అయినా మనకి కావలసిన జీవోలూ విచారణ నివేదికలూ చాలామటుకు స్కాన్ చేసిన బొమ్మలుగానే చేతికొస్తాయి. వెతికితే మాట దొరకదు, చూపులేనివారికి యంత్రం చదివి పెట్టదు. సమాచార హక్కు దరఖాస్తులో 'యూనికోడ్ పాఠంగా ఇవ్వండి' అని ఒక వాక్యం, 2009 ప్రమాణం ప్రస్తావనతో, రాయడం మొదలుపెట్టాలి.

నేను కట్టిన ఆ పట్టిక ఇప్పుడు ఒక్క ఫాంటుకి పూర్తయింది. దాన్ని జీపీఎల్ కింద పెట్టాను. మార్చిపెట్టే చిన్న ప్రోగ్రాము మా హాస్టల్ తమ్ముడొకడు రాశాడు, అది కూడా అదే లైసెన్సు మీద ఉంది. పాత పత్రికల ఫైళ్లు ఉన్నవాళ్లు ముందు వాటిని ఫ్లాపీ నుంచి, సీడీ నుంచి దించి ఇంకోచోట దాచండి. ఏ ఫాంటులో టైపు చేశారో, ఏ ఏడాది కూర్పో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఒక్క అచ్చు ప్రతి దొరికినా పట్టిక కట్టవచ్చు.